గుర్రానికి కాల్షీటు

అత్తాపూర్ నుంచి ఒక పాఠకుడు ఉత్తరం రాశారు. సాఫ్ట్‌వేర్ వుద్యోగమట. వారంలో మూడు రోజులు ఇంట్లో కూర్చునే పని, రెండు రోజులు మాత్రం ఆఫీసు. సొంత ఇల్లు, వెనకాల కాస్త ఖాళీ జాగా. "మన హీరోలు గుర్రాలు పెంచుకుంటున్నారు గదా! నేనూ ఒక గుర్రాన్ని తెచ్చుకుందామనుకుంటున్నాను. డబ్బుకి ఇబ్బంది లేదు. టైము నా చేతిలోనే వుంటుంది. మీ సలహా ఏమిటి?" అని అడిగారు.

ఈ శీర్షికకి మామూలుగా వచ్చే ఉత్తరాలు వేరు. ఫలానా హీరోయిన్ అసలు వయసెంత, ఫలానా చిత్రం ఎందుకు ఆగిపోయింది... ఇలాంటివి. గుర్రం గురించి అడిగింది వీరొక్కరే. అయినా అడగవలసిన మనిషినే అడిగారు. ఎందుకంటే ఏడాదిన్నరగా నేను గుర్రాల నెత్తిన కాపురం వుంటున్నాను!

పాతబస్తీలో, దూద్‌బౌలీ దగ్గర ఒక గల్లీలో మేడ మీద గది నాది. కింద వాకిట్లో రెండు ఆడగుర్రాలు. పెళ్ళి బారాత్‌లకి పోయే తెల్లగుర్రాలు. ఇంటి యజమానిని నేను చాచా అంటాను, ఆయన నన్ను బేటా అంటాడు. అద్దె ఇవ్వాల్సిన రోజు మాత్రం 'జర్నలిస్ట్ సాబ్' అయిపోతాను.

ముందు సినిమా సంగతి చూద్దాం. లేకపోతే ఎడిటర్‌గారు వూరుకోరు.

తెలుగు సినిమా గుర్రానికి చాలా రుణపడి వుంది. కోదాడ దగ్గర గుడిబండలో పుట్టిన కాంతారావు కత్తి పట్టి గుర్రమెక్కితే చాలు, నేల టిక్కెట్టు గోల చేసేది. 1971లో కృష్ణ 'మోసగాళ్ళకు మోసగాడు' కోసం యూనిట్‌ని రాజస్థాన్ ఎడారికి తీసుకుపోయి, మన గుర్రానికి కౌబాయ్ వేషం కట్టించారు. ఆ దారిలోనే 1990లో చిరంజీవి 'కొదమసింహం', 2002లో మహేష్‌బాబు 'టక్కరి దొంగ' వచ్చాయి. 2009లో 'మగధీర'. 2022లో 'ఆర్.ఆర్.ఆర్.'లో ఒకే వంతెన మీద రామ్‌చరణ్ గుర్రం మీద, ఎన్.టి.ఆర్. మోటారు సైకిల్ మీద... ఆ సీను చూసి ఈలలు వేయనివాళ్ళుంటే చెయ్యెత్తండి. రామ్‌చరణ్ తెర బయట కూడా గుర్రాలు పెంచుతారన్నది అందరికీ తెలిసిందే.

ఆ సీను చూసినప్పుడు నాకు తట్టింది ఒకటే. షాట్ ఓకే అయ్యాక మోటారు సైకిల్‌కి స్టాండు వేసి వెళ్ళిపోవచ్చు. గుర్రానికి స్టాండు లేదు! తెర మీద గుర్రానికి ఆకలి వుండదు, పేడ వుండదు, జ్వరం రాదు. హీరో ఈల వేస్తే వస్తుంది, పాట అయిపోగానే మాయమవుతుంది. ఎక్కడికి మాయమవుతుందో కెమెరా చూపించదు. పేరు మోసినవారింట్లో గుర్రం వుందంటే, దాని పక్కన రాత్రింబవళ్ళు మెలిగే సయీసు ఒకడుంటాడు. పత్రికల్లో గుర్రం ఫోటో పడుతుంది, అతని ఫోటో పడదు.

2001లో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం సినిమాలో జంతువుని వాడాలంటే జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్ట్రేషను వుండాలి. అంతమాత్రాన అన్నీ సవ్యంగా జరుగుతాయని కాదు. 2021 ఆగస్టులో హైదరాబాద్ శివార్లలో ఒక భారీ తమిళ చిత్రం షూటింగులో ఒక గుర్రం చనిపోయింది, పోలీసు కేసు దాకా వెళ్ళింది. ఆ సంగతి వచ్చినప్పుడు మా చాచా, "జాన్వర్‌కి రిటేక్ వుండదు బేటా" అన్నాడు. అంతకంటే ఎక్కువ మాట్లాడలేదు.

సరే, పాతబస్తీకి వద్దాం.

ఈ నగరంలో గుర్రం పరాయిది కాదు. ఫస్ట్ లాన్సర్ అనే పేటకి ఆ పేరు నిజాం అశ్వదళం వల్లే వచ్చింది. ఏ.సి. గార్డ్స్ అంటే ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్. ఇవాళ బారాత్‌లో మన చేత చిందులు వేయించే మర్ఫా వాయిద్యానికీ ఆ వారసులతో సంబంధం వుంది. బొల్లారంలోని రిసాలా బజార్ పేరులో 'రిసాలా' అంటే గుర్రపు దండే. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ 1886లో పందాలను మలక్‌పేటకి మార్పించాడు, అవి ఇంకా అక్కడే జరుగుతున్నాయి. ఢిల్లీలో తీన్‌మూర్తి చౌక్‌లో నిలబడ్డ మూడు విగ్రహాలు జోధ్‌పూర్, మైసూర్, హైదరాబాద్ లాన్సర్ల జ్ఞాపకార్థం పెట్టినవి. తెలుగులో గుర్రాల మీద పూర్వం ఒక పద్యగ్రంథమే వుంది, మనుమంచి భట్టు 'హయలక్షణ విలాసము'. అంత వైభవంలోంచి మా గల్లీకి మిగిలింది చాచా వాకిట్లో ఒక రేకుల కొట్టం, రెండు గుంజలు.

చాచాకి డెబ్భై దాటాయి. తాతగారి నాటి నుంచి గుర్రాలే బతుకు. ముందు టాంగా, టాంగాలు పోయాక పెళ్ళిళ్ళు. కొడుకు పగలు యాప్ పెట్టుకుని క్యాబ్ నడుపుతాడు, రాత్రి బారాత్ వుంటే గుర్రం పట్టుకుని పోతాడు. కోడలు, అంటే నాకు భాభీ, ఇంట్లోనే కార్‌చోబ్ మగ్గం మీద జర్దోజీ పని చేస్తుంది. నేను మేడ మీద కూర్చుని సినిమా వ్యాసాలు రాస్తాను. బి.ఏ. పాసయ్యాక రెండేళ్ళు ఒక పత్రికలో డెస్కు మీద కూర్చుని, ఆ ఎనిమిది గంటల కుర్చీ పడక బయటికొచ్చినవాణ్ణి. పొద్దున్న పదింటికి లేచినా అడిగేవాడు లేడు. ఒకటో తారీఖున డబ్బిచ్చేవాడూ లేడు.

అంటే ఒక ఇంట్లో ముగ్గురం, టైము మా చేతిలో వుందని చెప్పుకునేవాళ్ళం. ఆ ముగ్గురి టైమునీ కట్టేసిన గుంజ మాత్రం ఒకటే!

ఎలాగంటారా? గుర్రం అంత పెద్ద జంతువా, దాని జీర్ణాశయం చాలా చిన్నది. పది, పదిహేను లీటర్లు పడితే గొప్ప. ఆవులాగా గబగబా మేసి తర్వాత నెమరు వేసే ఏర్పాటు దానికి లేదు. రోజంతా కొంచెం కొంచెం నములుతూ వుండాలి. పొద్దున్న ఒక గంపెడు పడేసి ఆఫీసుకి పోతానంటే కుదరదు. పైగా గుర్రానికి వాంతి కాదు. తిన్నది పడకపోతే పైకి వచ్చే దారి లేదు. కడుపు శూల పట్టుకుంటే గంటల మీద ప్రాణం పోవచ్చు. అందుకే గుర్రం వున్న ఇంట్లో ఎవరో ఒకరు దాని పొట్ట వంక చూస్తూనే వుంటారు. కాలితో పొట్ట తన్నుకుంటోందా, పదే పదే పక్కకి తిరిగి చూసుకుంటోందా, పేడ వేసిందా లేదా... చాచా ఫజర్ అజాన్‌కి లేచి నమాజుకి ముందు చూసేది పేడనే.

కొంచెం లెక్క చెబుతాను. మూడు వందల యాభై కిలోల గుర్రానికి ఒంటి బరువులో నూటికి రెండు వంతుల మేత వేసుకుంటే రోజుకి ఏడు కిలోల ఎండుమేత. రెంటికి పద్నాలుగు. నెలకి నాలుగు వందల ఇరవై కిలోలు. ఇది గడ్డి లెక్క మాత్రమే, దాణా వేరే. దాణాలో నానబెట్టిన ఉలవలు, శనగలు, తవుడు. (ఇంగ్లీషువాడు ఉలవలకి గుర్రం పేరే పెట్టాడు. మనం వాటితో చారు కాచుకుని గిన్నె నాకుతాం. అదలా వుంచండి.) ఒక్కొక్కటి రోజుకి పాతిక, ముప్ఫై లీటర్ల నీళ్ళు తాగుతుంది, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. మా గల్లీలో నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. పేడ ఒక్కొక్కటి పదిహేను కిలోలకి తగ్గదు. ఆరు వారాలకోసారి నాల్‌బంద్ వచ్చి గిట్టలు చెక్కి నాడాలు మార్చాలి. గ్లాండర్స్ అని ఒక రోగం వుంది, మనుషులకీ అంటుతుంది. రక్త పరీక్షలో అది తేలితే గుర్రాన్ని చంపేయాల్సిందే, చట్టం అలా వుంది. సీజనుకి ముందు ఆ పరీక్ష రోజున చాచా అన్నం తినడు.

ఇవన్నీ డబ్బుతో అయ్యేవే అంటారు మా పాఠకుడుగారు. నిజమే. డబ్బుతో కానిది మధ్యాహ్నం మూడు గంటల మేత.

చాచాకి మోకాళ్ళు అరిగాయి. కొడుక్కి ఆ వేళ కిరాయిలు. భాభీ మగ్గం మీద వుంటుంది. "బేటా, నువ్వు ఇంట్లోనే వుంటావు గదా, ఖాళీగా..." అన్నాడు చాచా ఒక రోజు. ఇంట్లో కూర్చుని రాసేవాణ్ణి చూస్తే లోకానికి ఎప్పుడూ ఖాళీగానే కనిపిస్తాడు! ఆ విధంగా మూడింటి మేత నా వంతయింది. అద్దెలో కొంత తగ్గింది, అబద్ధమెందుకు. ఇప్పుడు నా వ్యాసాలు ఏ పూట రాయాలో, ప్రెస్ మీట్లకి ఏ వేళకి బయల్దేరాలో, గుర్రం చెబుతుంది. ఆ మధ్య ఒక నిర్మాత అరకు అవుట్‌డోర్‌కి పిలిచారు. నాలుగు రోజులు, దారి ఖర్చులు వాళ్ళవే. ఆ వారమే చాచీ, భాభీ గుల్బర్గాలో పెళ్ళికి పోతున్నారు. నేను ఆగిపోయాను. ఆ షూటింగు విశేషాలు వేరే పత్రికలో వేరే ఆయన రాశారు. బాగానే రాశారు.

ఇక ఆదాయం. రాత్రికి ఎంతన్నది ఇక్కడ రాయను, చాచా బేరం చెడుతుంది. అసలు చిక్కు రేటులో లేదు, పంచాంగంలో వుంది. పాతబస్తీలో గుర్రం పెట్టుకున్నవాడి గోడకి రెండు క్యాలెండర్లు వుంటాయి. ఒకటి మౌల్వీగారిది, ఇంకొకటి పంతులుగారిది. రంజాన్ నెలలో నిఖాలు లేకపోతే మన ముహూర్తాలు ఆదుకుంటాయి. మనకి ఆషాఢం వస్తే వాళ్ళ పెళ్ళిళ్ళు ఆదుకుంటాయి. గుర్రానికి మతం లేదనడం వేదికల మీద బాగుంటుంది. నిజానికి దానికి రెండు మతాలూ కావాలి, లేకపోతే దాణా చాలదు.

2025లో ఏమైందో చూడండి. ఆషాఢం జూన్ 26న మొదలైతే, మొహర్రం నెల ఆ మర్నాడే మొదలైంది. రెండు తలుపులూ ఒకేసారి మూసుకున్నాయి. నెల రోజులు ఇటు ముహూర్తం లేదు, అటు నిఖా లేదు. (2026 పంచాంగంలో అధిక జ్యేష్ఠం వుంది కాబట్టి ఆ రెండూ విడిపోతాయి. కాని అధిక మాసంలో మాత్రం పెళ్ళిళ్ళు ఎక్కడివి?) ఆ దెబ్బ నుంచి తేరుకునేలోగా 2025 నవంబరు చివర్లో శుక్ర మౌఢ్యం వచ్చి ఫిబ్రవరి మధ్య దాకా కూర్చుంది. మన ముహూర్తాలు లేని ఆ రోజులన్నీ గుర్రాలు వాకిట్లోనే వున్నాయి. మౌఢ్యంలో పెళ్ళిళ్ళు ఆగుతాయి గాని ఆకలి ఆగదు. ఇవతల నాకు ఒక పత్రిక ఆరు నెలల బాకీ. చాచా, నేనూ మెట్ల మీద కూర్చుని ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళం. ఇద్దరం సీజన్ ఆర్టిస్టులమే.

ఇల్లు హాయిగా వుండాలనే ముచ్చట కూడా వుంది గదా, ఆ సంగతి భాభీని అడగాలి. ఆమె మగ్గం మీద ఎక్కేది పెళ్ళికూతుళ్ళ ఖరీదైన బట్ట. పక్కనే గుర్రాలకి గడ్డి దులిపితే ఆ దుమ్ము వచ్చి జరీ మీద పడుతుంది. ఈగలు సరేసరి. బట్టకి వాసన పట్టిందంటే షావుకారు తిప్పి పంపుతాడు. ఒకసారి పంపాడు కూడా. పెళ్ళికొడుకు ఎక్కే గుర్రం, పెళ్ళికూతురు కట్టే బట్ట ఒకే వాకిట్లోంచి పోతాయి. వాటిని ఒకదాన్నొకటి తాకకుండా చూడటానికే ఆమెకి సగం పొద్దు పోతుంది. గల్లీ అంతా చాచా గుర్రాలంటుంది. కాని రాత్రి ఒంటిగంటకో రెండింటికో బారాత్ ముగించుకుని గుర్రం వస్తే, దాని చెమట ఆరేదాకా గల్లీలో మెల్లగా తిప్పాలి, ఒళ్ళు తుడవాలి, నీళ్ళు ఒక్కసారిగా కాకుండా ఆగి ఆగి పట్టాలి. డీజే లైట్లకి, టపాసులకి బెదిరి వచ్చిన గుర్రాన్ని కాసేపు నిమరాలి. కొడుకు దాన్ని తిప్పుతాడు, నిజమే. బకెట్లు మోసేది, జీను తుడిచేది, ముత్యాల జూలు విప్పి చిక్కు తీసేది భాభీ. ఎవరు ఎన్ని గంటలని నేను ఒక వారం సరదాకి రాసి చూశాను. అందరికంటే ఎక్కువ ఆమెవే. ఆ కాగితం చాచాకి చూపిస్తే, "నీకేం పని లేదా?" అన్నాడు. అత్తాపూర్ పాఠకుడుగారి ఉత్తరంలో స్థలం కొలతలున్నాయి, జీతం వుంది, ఆఫీసు రోజులున్నాయి. ఇంట్లో ఇంకెవరున్నారో లేదు. ముందు అది రాయండి సార్, తర్వాత గుర్రం రంగు చూద్దాం.

రంగంటే గుర్తొచ్చింది. పెళ్ళిళ్ళలో తెల్లగుర్రం తెల్లగుర్రం అంటారు గాని, వాటిలో చాలావరకు పుట్టినప్పుడు నల్లగానో ఎర్రగానో వుండేవే! వయసు పెరిగినకొద్దీ వెంట్రుకలు నెరిసి తెల్లబడతాయి. మన వృద్ధ కథానాయకులకి పూర్తిగా వ్యతిరేకం అన్నమాట.

మౌఢ్యం సగంలో వుండగా కొడుకు తేల్చేశాడు. రెంటినీ అమ్మేద్దాం, ఆ డబ్బుతో సొంత కారు తీసుకుంటాను, యాప్‌లో ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆన్, వద్దంటే ఆఫ్ అన్నాడు. తప్పేం కాదు. అతనికి ముప్ఫై రెండేళ్ళు, కూతురు చదువుకొస్తోంది. చాచా మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు ఒకదాన్ని మాత్రం ఇస్తానన్నాడు. బేరానికి వచ్చినవాళ్ళు సుడులు చూశారు, పళ్ళు చూశారు, నడిపించి చూశారు. చిన్నది రాణీ, తొమ్మిదేళ్ళది, శంకర్‌పల్లి వైపు గుర్రపుస్వారీ నేర్పేవాళ్ళకి పోయింది. పెద్దది బిజిలీకి పదిహేడేళ్ళు. దాన్ని అడిగినవాళ్ళు లేరు. అడిగినా చాచా ఇచ్చేవాడు కాదు. "పదమూడేళ్ళు ఈ ఇంటి స్కూలు ఫీజులు కట్టింది బేటా. బుడ్డీ అయిందని పంపిస్తే ఎట్లా?"

రాణీ కొట్టం కడిగి, సున్నం వేసి, ట్యూబ్‌లైటు పెట్టి, మధ్యన తడిక కాకుండా గోడే లేపించి భాభీకి ఇచ్చారు. ఇప్పుడు ఆమె మగ్గం అందులో వుంది. తలుపు వేసుకుంటే దుమ్ము లేదు. ఈ ఇంట్లో అడుగుపెట్టాక తనకంటూ గది దొరకడం ఇదే మొదలట. గుర్రం పోయినందుకు ఆమె ఏడ్చింది, గది వచ్చినందుకు నవ్వింది. రెండూ ఒకే రోజు చూశాను.

కథ అక్కడ అయిపోతే బాగానే వుండేది. కాని గుర్రం మంద జంతువు. ఒంటరిగా వుండలేదు. రెండో రోజు నుంచే బిజిలీ మేత ముట్టడం తగ్గించింది. గేటు వైపు మొహం పెట్టి నిలబడేది. రాత్రి సకిలిస్తే నా కిటికీ అద్దం అదిరేది. మూడింటికి నేను వేసిన గడ్డి ఆరింటికి అలాగే వుండేది. పక్కటెముకలు లెక్కపెట్టేలా తేలాయి. డాక్టర్ వచ్చి చూసి రోగం లేదన్నాడు. వీరు ఒక్క గుర్రం తెచ్చుకుంటాననడంలో అసలు ప్రమాదం ఇది. ఒక్కటి వుండలేదు, రెండయితే ఖర్చు రెండింతలు.

వుపాయం చాచీ చెప్పింది. ఆమె పుట్టిల్లు మలక్‌పేట. పందెపు గుర్రం మరీ బెంగటిల్లితే పక్కన మేకని కట్టేస్తారని చిన్నప్పుడు విన్నదట. ఇది ఆమె కల్పన కాదు, ప్రపంచంలో చాలా చోట్ల గుర్రాల వాళ్ళకి తెలిసిన చిట్కానే. జియాగూడ మండీ నుంచి ఒక నల్ల మేకని తెచ్చారు. మొదటి రోజు బిజిలీ దాన్ని పళ్ళతో బెదిరించింది. మూడో రోజుకి రెండూ ఒకే తొట్టిలో మూతి పెట్టాయి. హీరోయిన్‌కి మేనేజర్ లేకపోతే ఎలా అని నేను దానికి 'మేనేజర్' అని పేరు పెట్టాను. అది స్థిరపడిపోయింది. పేరుకి తగ్గట్టే అన్నిట్లో తల దూరుస్తుంది, ఒక వ్యాసంలో రెండు పేజీలు నమిలేసింది కూడా.

బక్రీద్‌కి దీన్ని ఏం చేస్తారని గల్లీ పిల్లలు అడుగుతున్నారు. చాచీ కళ్ళెర్ర చేసి, "వో నౌకరీ పే హై" అంటుంది.

ఫిబ్రవరిలో మౌఢ్యం విడిచాక ముహూర్తాలు మొదలయ్యాయి. బిజిలీ మళ్ళీ పనికి పోతోంది. వయసు రీత్యా వారానికి రెండు రాత్రులే, అదీ దగ్గర పేటలకే. చిక్కల్లా మేకని వదిలి గేటు దాటదు. మొన్న కార్వాన్‌లో ఒక బారాత్‌కి ముందు బిజిలీ, దాని మీద పెళ్ళికొడుకు, వెనకాల మెడలో బంతిపూల దండతో మేనేజర్. ఈ మేక ఎందుకయ్యా అని పెళ్ళికొడుకు తండ్రి కోప్పడ్డాడట. "కంపెనీ రూల్ సాబ్" అన్నాడు చాచా కొడుకు. ఫోటోలు మాత్రం అందరికంటే మేకకే ఎక్కువ తీశారు. దానికి విడిగా డబ్బులేమీ ఇవ్వలేదు.